కాగితం ఎగుమతులు: ఇండోనేషియా దారి, మన దారి

జంషెడ్‌పూర్ నగర శివార్లలోని గోవింద్‌పూర్‌లో మేము కాపురముంటున్నాము. మన సంస్థ కొనుగోలు చేసే విడిభాగాలను ఈ చుట్టుపక్కల కర్మాగారాలలో తనిఖీ చేసి, సరిగా కట్టించి, లారీలకు ఎక్కించడం మా విధి. పగలనక రాత్రనక గూడ్సు రైళ్ళ మోత వినబడే ఈ ఇనుము, ఉక్కుల సీమలో కూర్చొని కాగితాన్ని గురించి, అందునా కాగితపు ఎగుమతులను గురించి వ్రాయడమేమిటని పాఠక మిత్రులకు సందేహం కలుగవచ్చును. మాకు ఈ విషయంపై ఆసక్తి కలగడానికి రెండు సామాన్య వస్తువులు కారణం. మొదటిది మా వీధి చివర జిరాక్సు దుకాణంలో వాడే ఎ-4 కాగితపు కట్ట. రెండవది మేము విడిభాగాలను పెట్టించే గోధుమరంగు అట్టపెట్టె.

2017 ప్రాంతంలో ఆ దుకాణంలో కాగితాల కోసం నిలబడి ఉండగా కట్ట మీద ‘ఇండోనేషియాలో తయారైనది’ అన్న అచ్చు మా కంట పడింది. రాయగడలో, రాజమహేంద్రవరంలో, భద్రాచలం వద్ద, మన తెలుగువారికి చిరపరిచితమైన చోట్లనే ఇంత పెద్ద కాగితపు మిల్లులుండగా, సుమత్రా దీవి నుండి సముద్రం దాటి వచ్చిన కాగితం గోవింద్‌పూర్ సందులోకి ఎట్లా చేరిందని ఆశ్చర్యపోయాము. దుకాణదారుకు ఆ ఆశ్చర్యమేమీ లేదు. కట్టకు కొద్ది రూపాయలు తక్కువకు వస్తున్నది, యంత్రంలో ఇరుక్కోవడం లేదు, అంతే. మరల 2021లో ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో మాకు అట్టపెట్టెలు సరఫరా చేసే చిన్న పరిశ్రమ యజమాని పాత ధరకు పెట్టెలు ఇవ్వలేనని చేతులెత్తేశాడు. మూడు తరాల క్రితం శ్రీకాకుళం ప్రాంతం నుండి ఇక్కడికి వలస వచ్చిన కుటుంబం వారిది. “ఏం చెయ్యమంటారు సార్, క్రాఫ్ట్ కాగితమంతా చైనాకు పోతోంది. మిల్లువాడు మాకు రోజుకొక ధర చెబుతున్నాడు” అన్నాడు. అనగా ఒకే ఊరిలోకి తెల్లకాగితం విదేశం నుండి వస్తున్నది, అదే ఊరికి అందవలసిన గోధుమరంగు కాగితం విదేశానికి పోతున్నది. ఈ రెండు ప్రవాహాల మూలమేమిటో తెలుసుకోవాలని ఇండోనేషియా, భారతదేశాల కాగితపు వాణిజ్య చరిత్రను పక్కపక్కన పెట్టుకొని చదివాము. ఆ చదివిన దానిలో మాకు ముఖ్యమని తోచినది ఇక్కడ వ్రాస్తున్నాము.

రెండు దేశాల ఆరంభంలో పోలికలున్నాయి. డచ్చివారి కాలంలో జావా దీవిలో పడలరంగ్, లెచెస్ అనే చోట్ల చిన్న మిల్లులు వెలిశాయి. లెచెస్ మిల్లు వరిగడ్డితో కాగితం చేసేది. మన గోదావరి తీరంలో 1920లలో కర్నాటిక్ పేపర్ మిల్స్ అన్న పేరుతో మొదలైన సంస్థయే తరువాత ఆంధ్రా పేపర్ మిల్లు అయినది. నిజాం కాలంలో 1938లో స్థాపితమైన సిర్పూర్ మిల్లు చుట్టూ పెరిగిన ఊరికి కాగజ్‌నగర్ అనే పేరు స్థిరపడింది. స్వాతంత్ర్యానంతరం 1951 నాటికి మన దేశంలో ఉన్నవి పదిహేడు మిల్లులు, వాటి సామర్థ్యం సుమారు 1,37,000 టన్నులు. ఆనాడు రెండు దేశాలూ ప్రపంచ విపణిలో కాగితం కొనేవే తప్ప అమ్మేవి కావు. 1980ల ఆరంభంలో కూడా ఇండోనేషియా తన అవసరాలకు దిగుమతులపైనే చాలవరకు ఆధారపడి ఉన్నది. అప్పటికి మనమే పెద్దవారము.

అటువంటి ఇండోనేషియా ఇరవై సంవత్సరాలు తిరగకుండా ఆసియాలోని పెద్ద ఎగుమతిదారులలో ఒకటిగా నిలిచింది. ఇటీవలి సంవత్సరాలలో ఆ దేశం నుండి విదేశాలకు పోయే కాగితం, అట్ట కలిపి ఏటా 40 లక్షల టన్నుల స్థాయిలో ఉన్నది. ఇక్కడ ఇంజనీరుగా ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. కస్టమ్స్ వారి పట్టికలో కాగితానికి, అట్టకు 48వ అధ్యాయం, గుజ్జుకు 47వ అధ్యాయం. 48వ అధ్యాయం మాత్రమే చూస్తే ఇండోనేషియా బలం సగమే కనబడుతుంది, ఎందుకంటే కాగితంగా మారకముందే ఆ దేశపు కర్రగుజ్జు మరికొన్ని పదుల లక్షల టన్నులు ఓడలెక్కుతుంది. దానిలో సింహభాగం చైనాకే పోతుంది. మనము గుజ్జును కొనేవారము. కాబట్టి కాగితాన్ని మాత్రమే తూచి ‘వారు ఇంత, మనము ఇంత’ అనడం లోహపు కడ్డీలను వదిలి మేకులను మాత్రమే లెక్కపెట్టినట్లుంటుంది. టన్ను తెల్లగుజ్జుకు సుమారు నాలుగు టన్నుల పచ్చికర్ర కావాలి. కర్ర ఎక్కడ, ఎవరి భూమిలో, ఎంతకు దొరుకుతుందన్నదే ఈ వ్యాపారంలో అసలు ప్రశ్న. యంత్రాలు ఎవరికైనా ఒకటే. డబ్బు పెడితే ఫిన్‌లాండు నుండో జర్మనీ నుండో వస్తాయి.

ఆ ప్రశ్నకు రెండు దేశాలూ దాదాపు ఒకే కాలంలో, పూర్తిగా భిన్నమైన సమాధానాలు చెప్పాయి. మా పరిశీలనలో మాకు బాగా నచ్చిన ఘట్టమిది. ఇండోనేషియా ప్రభుత్వం 1985లో దుంగల ఎగుమతిని నిషేధించింది. కర్రను కర్రగా అమ్మరాదు, దేశంలోనే పలకగానో గుజ్జుగానో మార్చి అమ్మాలన్నది ఉద్దేశం. 1990 ప్రాంతంలో పారిశ్రామిక వనాల పథకం పెట్టి, అటవీభూములను లక్షల హెక్టార్ల చొప్పున కంపెనీలకు దీర్ఘకాలిక కౌలుకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఉన్న అడవిని నరికి ఆ కర్రతో మిల్లు నడుపుతూ, ఖాళీ అయిన నేలలో అకేసియా చెట్లు నాటి, ఐదారేళ్ళకు వాటిని కోసుకోవాలన్నది ఏర్పాటు. సుమత్రాలోని రియావు రాష్ట్రంలో పెరవాంగ్ వద్ద ఇండా కియాట్ గుజ్జు మిల్లు 1984లోనే మొదలైంది. అదే రాష్ట్రంలో పంగ్‌కలాన్ కెరించి వద్ద మరొక మహాకర్మాగారం 1995లో ఉత్పత్తి ప్రారంభించింది. ఒక్కొక్క మిల్లు మన దేశంలో అనేక మిల్లులు కలిసి చేసేంత పని చేయగలది.

మన దేశంలో 1988లో జాతీయ అటవీ విధానం వచ్చింది. అది కాగితపు పరిశ్రమకు సూటిగా చెప్పిన మాట ఏమంటే, సహజ అడవులు మీ ముడిసరుకు గాదెలు కావు. మీకు కావలసిన కర్రను రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని పెంపించుకోండి. అంతకుముందు మన మిల్లులు కూడా అడవినే తిన్నాయనే సత్యాన్ని మరుగుపరచరాదు. రాష్ట్ర ప్రభుత్వాలు మిల్లులకు నామమాత్రపు రుసుముకు వెదురు ధారాదత్తం చేయగా, బుట్టలల్లుకొని బ్రతికే మేదర్లు అదే వెదురును ఎన్నో రెట్లు ధర పెట్టి కొనుక్కోవలసిన దుస్థితి ఉండేది. మాధవ్ గాడ్గిల్ వంటి శాస్త్రజ్ఞులు 1970లలో కర్ణాటక వెదురు వనాలను పరిశీలించి ఆ కథను లోకానికి తెలియజేశారు. ఆ అనుభవం తరువాతనే 1988 విధానం వచ్చింది. ఒక దేశం అడవిని కంపెనీకి ఇచ్చింది, మరొక దేశం కంపెనీని రైతు గుమ్మంలోకి పంపింది. ఆ తరువాతి ముప్పై సంవత్సరాల ఎగుమతుల పట్టికలలో మనకు కనబడే వ్యత్యాసానికి ప్రధాన కారణం ఇదేనని మా నిశ్చితాభిప్రాయం.

రైతు గుమ్మంలోకి వెళ్ళిన వారిలో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ వారిని ముందుగా చెప్పుకోవాలి. గోదావరి ఒడ్డున సారపాక వద్ద 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఈ సంస్థ, పదేళ్ళకు కర్ర కరువును ఎదుర్కొన్నది. 1989లో డాక్టర్ ప్యారే లాల్ నాయకత్వంలో అక్కడి శాస్త్రజ్ఞులు జామాయిల్ చెట్లలో మేలైన వాటిని ఏరి, విత్తనంతో కాక కొమ్మ ముక్కలతో మొక్కలు చేసే పద్ధతిని చేపట్టారు. విత్తనపు జామాయిల్‌లో ఒక చెట్టు నిటారుగా, ఒకటి వంకరగా, ఒకటి తెగులుతో పెరిగేది. కొమ్మ మొక్కలు ఒకే అచ్చులో పోసినట్లు పెరిగాయి. ఎకరా దిగుబడి రెండు మూడింతలైంది. ఖమ్మం జిల్లా రైతులు వాటిని వాటి అంకెలతోనే పిలుస్తారు. ‘ఏడో నంబరు’, ‘నాలుగువందల పదమూడు’ అని వారు అనుకుంటుంటే వినేవారికి అవి బస్సు నంబర్లేమోనన్న భ్రాంతి కలుగుతుంది. దిగువన ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాలలో సుబాబుల్, సముద్రతీరపు ఇసుక నేలలలో సరుగుడు, ఇట్లా ఎక్కడి నేలకు తగిన చెట్టు అక్కడ స్థిరపడింది. ఇండోనేషియాలో ఒక కంపెనీ ఒక సంతకంతో పొందే కర్రను మన మిల్లు వేలాది రైతుల పొలాలలో రెండెకరాలు, మూడెకరాలు చొప్పున కూడగట్టుకోవాలి. లారీ బాడుగ, దళారీ రుసుము, కోత కూలి అన్నీ ఆ కర్ర ధరలో కలుస్తాయి. పారిశ్రామికవేత్తలు దీనిని మన బలహీనతగా చెబుతారు. వారి లెక్క ప్రకారం అది నిజమే. అయితే ఆ ఖర్చులో చాలా భాగం పల్లెల్లోనే దిగబడుతుందన్నది కూడా లెక్కలోకి రావాలి.

మా బావమరిది ప్రకాశం జిల్లాలో వ్యవసాయం చేస్తాడు. పొగాకు, శనగల ధరలతో విసిగి ఐదెకరాలలో సుబాబుల్ వేశాడు. నీరు అడగదు, ఎరువు అడగదు, పశువు నోరు పెట్టకుండా మొదటి ఏడాది కాపాడితే చాలు. మూడు నాలుగేళ్ళకు కొట్టిస్తే మోడు నుండి తిరిగి చిగురిస్తుంది. చెట్టు విషయంలో అతనికి ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చినదంతా అమ్మకం దగ్గరనే. ప్రభుత్వం, మిల్లులు, రైతులు కూర్చొని టన్నుకు 4,200 రూపాయలని ఖరారు చేసిన ధర ఉండేది. కాని 2010ల ద్వితీయార్ధంలో దాని కంటే ఎంతో తక్కువకు అమ్ముకోవలసి వచ్చిందని ఆ మూడు జిల్లాల రైతులు పదేపదే రోడ్డెక్కారు. మా బావమరిది తన కర్రను దళారీ చెప్పిన ధరకు ఇచ్చివేసి, మా ఇంటికి ఫోను చేసి “బావగారూ, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దవాళ్ళు నా సుబాబుల్ తోటను చూసే అని ఉంటారు” అన్నాడు. 2020లో జె.సి.బి. పెట్టించి మోళ్ళతో సహా తోటను పెకలించివేశాడు. ఆ చుట్టుపక్కల ఆ పని చేసినవాడు అతనొక్కడే కాదు.

ఆ పతనానికి, మా వీధిలోని ఇండోనేషియా కాగితానికి సంబంధం ఉన్నది. ఆగ్నేయాసియా దేశాల కూటమితో మన దేశం 2009 ఆగస్టులో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకున్నది. 2010 నుండి అమలుకు వచ్చిన ఆ ఒప్పందం క్రింద కాగితం, అట్టలపై దిగుమతి సుంకం మెట్టుమెట్టుగా తగ్గి, 2014 ఆరంభానికి సున్నా అయినది. కౌలు అడవి నుండి వచ్చిన కర్రతో, మహాయంత్రాల మీద తయారైన కాగితం ఏ అడ్డూ లేకుండా మన రేవులలో దిగింది. మన మిల్లు ఆ ధరకు దీటుగా నిలవాలంటే ఖర్చు ఎక్కడ తగ్గించుకోవాలి? యంత్రం ఖర్చు తగ్గదు, బొగ్గు ఖర్చు తగ్గదు, సంఘమున్న కార్మికుని జీతం తగ్గదు. తగ్గించడానికి వీలైనది సంఘటితంగా లేని రైతుకు ఇచ్చే ధర ఒక్కటే. జిరాక్సు దుకాణంలో మాకు మిగిలిన నాలుగు రూపాయలలో కొంత భాగం మా బావమరిది జేబు నుండి వచ్చినదేనని అనుకుంటే, ఆ కాగితం మీద వ్రాయడానికి మనస్సు ఒప్పదు. దొరికినది అదే గనుక వ్రాశాము.

2018 డిసెంబరులో మన ప్రభుత్వం ఇండోనేషియా, థాయిలాండ్, సింగపూర్‌ల నుండి వచ్చే జిరాక్సు కాగితంపై డంపింగు నిరోధక సుంకం విధించింది. 2025 ఆగస్టులో పెట్టెల తయారీకి వాడే మేలురకం బహుళపొరల అట్టకు టన్నుకు 67,220 రూపాయల కనీస దిగుమతి ధరను నిర్ణయించింది. ఇటువంటి పోట్లాటలలో మనము ఎప్పుడూ ఫిర్యాదుదారులము మాత్రమే కాము. 2006లో అమెరికా గీతల నోటుపుస్తకాల మీద ఇదే తరహా సుంకం వేసినప్పుడు చైనా, ఇండోనేషియాలతో పాటు భారతదేశాన్ని కూడా అదే బోనులో నిలబెట్టింది. మన పిల్లల నోటుపుస్తకం వంటి దానిని చూసి అమెరికా పరిశ్రమ భయపడినదంటే కొంత గర్వం కలిగిన మాట దాచనక్కరలేదు.

ఇక 2021 నాటి అట్టపెట్టెల సంగతి. మన ఎగుమతిదారులు చాలా సంతోషంగా చెప్పుకునే లెక్క ఒకటున్నది. 2016-17లో మన కాగితం, అట్టల ఎగుమతి 6.6 లక్షల టన్నులు. 2021-22 నాటికి అది 28.5 లక్షల టన్నులకు పెరిగింది. విలువలో 3,041 కోట్ల నుండి 13,963 కోట్ల రూపాయలకు చేరింది. ఐదేళ్ళలో నాలుగింతలు! ఇండోనేషియా ముప్పై ఏళ్ళలో ఎక్కిన మెట్లను మనము ఒక్క దూకులో దాటబోతున్నామని ఆ రోజులలో పత్రికలు వ్రాశాయి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఇంతకాలం ఇండోనేషియాను పొగిడినవారు కూడా మన కూరనే మెచ్చుకోసాగారు.

ఆ దూకును కొంచెం దగ్గరగా చూడవలసి ఉన్నది. పట్టణాలలోని చిత్తుకాగితాన్ని ప్రపంచం నలుమూలల నుండి కొని తిరిగి కాగితం చేసుకునే చైనా, కాలుష్య కారణాల వల్ల ఆ దిగుమతిని క్రమంగా బిగించి, 2021 జనవరి 1 నుండి పూర్తిగా మూసివేసింది. అక్కడి పెట్టెల పరిశ్రమకు పీచు కరువైంది. చిత్తు రాకూడదు గాని చిత్తుతో చేసిన కాగితం రావచ్చును. మన దేశంలో తయారయ్యే కాగితంలో మూడింట రెండు వంతులకు పైగా పాత కాగితంతోనే తయారవుతుంది. గుజరాత్‌లోని వాపి, మోర్బి ప్రాంతాల మిల్లులు అమెరికా, ఐరోపాల నుండి పాత అట్టపెట్టెలను ఓడలలో తెప్పించి, నానబెట్టి, గుజ్జు చేసి, క్రాఫ్ట్ చుట్టలుగా చుట్టి చైనాకు పంపాయి. చైనా మూసిన తలుపు సందులో నుండి మనము దూరామన్నమాట. చిత్తులో ఉండే ప్లాస్టిక్కు, మట్టి, మురికినీరు చైనా వద్దనుకున్నది. అది మన దగ్గర మిగిలింది. విదేశీ మారకద్రవ్యం కూడా వచ్చింది, కాదనము. ఆదిత్యపూర్ పెట్టెల పరిశ్రమవారు దానికి తమ వంతు మూల్యం చెల్లించారు.

సొంత కర్రతో పుట్టిన ఎగుమతి వేరు, ఒకరి నిషేధం వల్ల పుట్టిన ఎగుమతి వేరు. మొదటిది చెట్టు వంటిది, రెండవది వరద వంటిది. వరద తీసినట్లే ఆ వేగం తరువాత నిలువలేదు. 2023-24లో మన దేశంలోకి వచ్చిన కాగితం, అట్ట సుమారు 19 లక్షల టన్నులు, అంతకు ముందటి ఏడాది కంటే మూడో వంతు ఎక్కువ. పట్టికలో ఎగుమతుల గడి మాత్రమే చూసి గంతులు వేసినవారు దిగుమతుల గడి వైపు చూడడం మరచిపోయారు.

అయితే మన ఎగుమతులలో నిలకడగా పెరుగుతున్న భాగం ఒకటున్నది. అరబ్ ఎమిరేట్లు, సౌదీ అరేబియా, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ వంటి దేశాలకు పోయే వ్రాతకాగితం, అచ్చుకాగితం, పూతపూసిన అట్ట. ఇవి పెద్ద మిల్లులు చేసే సరుకులు, దూరం కూడా తక్కువ. కాగితపు వ్యాపారం విలువ టన్నులలో కాక మనుష్యులలో ఎంతో 2022 మార్చిలో శ్రీలంకలో తెలిసింది. డాలర్లు లేక కాగితం, సిరా తెప్పించుకోలేక కొలంబో ఉన్న పశ్చిమ రాష్ట్రంలో బడిపిల్లల పరీక్షలనే వాయిదా వేశారు. పరీక్ష వాయిదా పడితే ఏ దేశపు పిల్లలకైనా సంతోషమే గాని, ఆ పిల్లల తల్లిదండ్రుల ముఖాలను మేము ఊహించుకొన్నాము.

ఇండోనేషియా సాధించిన దానిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. నలభై ఏళ్ళ క్రితం కాగితం కొనుక్కున్న దేశం నేడు ప్రపంచానికి అమ్ముతున్నది. కాని ఆ విజయపు ఖర్చు చాలాకాలం ఆ దేశపు ఖాతాపుస్తకంలో కనబడలేదు. 1997 మధ్యలో డాలరుకు సుమారు 2,400 ఉన్న రుపయా మరుసటి ఏడాదికి పదివేలు దాటి పతనమైంది. సరుకు చవక అయి ఎగుమతులు పెరిగాయి, కాని డాలర్లలో తెచ్చిన అప్పు నాలుగింతలైంది. ఏషియా పల్ప్ అండ్ పేపర్ సంస్థ 2001లో 1,300 కోట్ల డాలర్లకు పైబడిన అప్పుల చెల్లింపును నిలిపివేసినప్పుడు వర్ధమాన దేశాల సంస్థలలో అంత పెద్ద ఎగవేత అంతవరకు లేదన్నారు. నేల సంగతి మరింత గంభీరం. సుమత్రాలో చాలాచోట్ల వేల సంవత్సరాల ఆకుకుళ్ళుతో ఏర్పడిన నల్లని ఊబినేలలున్నాయి. వాటిలో చెట్లు నాటడానికి కాలువలు తవ్వి నీరు తీసివేస్తే ఆ నేల ఎండి బొగ్గులాగా అంటుకుంటుంది. 2015లో ఇండోనేషియా మొత్తం మీద 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయి, ఆ పొగకు సింగపూర్‌లో బడులు మూసివేశారు. నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచబ్యాంకు లెక్కకట్టింది. ఆ మంటలన్నిటికీ కాగితమే కారణం కాదు, పామాయిల్ తోటలకు అందులో పెద్ద వాటా ఉన్నది. సహజారణ్యాన్ని ఇక నరకబోమని ఆ దేశపు అతిపెద్ద కాగితపు సంస్థ 2013లో ప్రకటించింది. నాటిన అకేసియాలకు ఎండుతెగులు సోకి లక్షల చెట్లు చనిపోతే, ఇప్పుడు వారు కూడా జామాయిల్ జాతి చెట్ల వైపు మళ్ళారు. ఆ విధంగా సుమత్రా మహావనం, ఖమ్మం జిల్లా రెండెకరాల చెలక చివరకు ఒకే చెట్టు దగ్గర కలిశాయి.

మన పత్రిక పాఠకులు ప్రభుత్వరంగంలో జీవితం గడుపుతున్నవారు గనుక మరొక పోలిక చెప్పక తప్పదు. రెండు దేశాలలోనూ ఈ ఎగుమతుల ఉత్సవానికి పిలుపు అందనిది ప్రభుత్వ మిల్లులకే. వరిగడ్డితో మొదలైన లెచెస్ మిల్లు ఇండోనేషియా ప్రభుత్వ సంస్థగా దశాబ్దాలు పనిచేసి, 2018లో న్యాయస్థానంచే దివాలా ప్రకటింపబడింది. మన వైపు 1970లో స్థాపించిన హిందుస్థాన్ పేపర్ కార్పొరేషన్ అస్సాంలో వెదురుతో కాగితం చేసే రెండు పెద్ద మిల్లులు నడిపింది. కాచార్ మిల్లు 2015 అక్టోబరులో, నగాఁవ్ మిల్లు 2017 మార్చిలో ఆగిపోయాయి. మన ఎగుమతులు నాలుగింతలైన ఆ ఐదేళ్ళు, అక్కడి ఉద్యోగులు జీతబకాయిల కోసం ఎదురుచూసిన ఐదేళ్ళు ఒకటే. పత్రికలలో ఒక పుటలో రికార్డు ఎగుమతుల వార్త, మరొక పుటలో జగీరోడ్ క్వార్టర్లలో వైద్యానికి డబ్బు లేక మరణించిన కార్మికుల వార్త చదివిన జ్ఞాపకం మాకున్నది. నేపానగర్‌లోని న్యూస్‌ప్రింట్ మిల్లు మాత్రం చాలాకాలం మూతబడి, ఆధునికీకరణ తరువాత 2022లో తిరిగి కదిలింది. ప్రైవేటురంగంలో సిర్పూర్ కూడా 2014లో ఆగి, 2018లో చేతులు మారి బ్రతికింది. రాజమహేంద్రవరం మిల్లును 2011లో కొన్న అమెరికా దిగ్గజం ఇంటర్నేషనల్ పేపర్ ఎనిమిదేళ్ళకే, 2019లో, కర్ణాటక మూలాలున్న వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్‌కు అప్పగించి వెళ్ళిపోయింది. రెండెకరాల రైతులతో బేరమాడి కర్ర సేకరించే విద్య ఆ దేశంలో బోధించరు కాబోలు.

మన దేశంలో తలసరి కాగితం వాడకం ఏడాదికి 15, 16 కిలోలు. ప్రపంచ సగటు యాభై కిలోలు దాటి ఉన్నది. బడిలో చేరవలసిన పిల్లలు, కట్టవలసిన మందుపెట్టెలు ఇంకా ఎంతో ఉన్న దేశానికి, ఎగుమతి ఎంత అన్న దాని కంటే నిలకడగా కర్ర పండించే రైతు ఉన్నాడా అన్నది ముందు ప్రశ్న అని మాకు తోస్తుంది. ఇండోనేషియాలో తోటను పెకలించాలంటే కంపెనీ డైరెక్టర్ల సమావేశం జరగాలి. మన దగ్గర ఒక రైతుకు కోపం వస్తే చాలు. 2020 ప్రాంతంలో పెకలించిన తోటల కర్ర మూడు నాలుగేళ్ళ తరువాత మిల్లులకు అందలేదు. 2023-24లో కర్ర ధర అమాంతం పెరిగి లాభాలు హరించుకుపోయాయని పెద్ద మిల్లులన్నీ తమ వార్షిక నివేదికలలో వాపోయాయి.

ఆ రోజులలోనే ఒక సాయంకాలం మా బావమరిది ఫోను చేశాడు. మిల్లు మనుషులు జీపులో ఊరికి వచ్చి, మొక్కలు రాయితీ మీద ఇస్తామని, కర్ర తామే కొంటామని చెబుతున్నారట. “మళ్ళీ వెయ్యనా బావగారూ? ఏమంటారు?” అని అడిగాడు. ఒప్పందం కాగితం మీద వ్రాసి ఇస్తున్నారా, అందులో కనీస ధర ఉన్నదా, కాటా ఎవరిది, డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారు అని మేము నాలుగు ప్రశ్నలు వేశాము. కొనుగోలు శాఖలో మనము రోజూ అడిగే ప్రశ్నలే అవి. అతడు మరునాడు వెళ్ళి వారిని అడిగాడు. మూడింటికి సమాధానం వచ్చింది, కనీస ధర గడి మాత్రం ఖాళీగా ఉన్నది. ఐదెకరాలలో మూడు శనగకే ఉంచి, రెండెకరాలలో సరుగుడు వేశాడు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాము. మొక్కలు మా ఎత్తు దాటాయి.